మూడు జట్ల ముడి

టెక్లా గయెవ్‌స్కీ పెళ్ళి ఈస్టర్ పండగ వెళ్ళాక జరిగింది. అసలైతే ఫిబ్రవరిలోనే జరగవలసింది. "చివరి ఆట మనవాళ్ళు గెలిస్తే ఫిబ్రవరి, ఓడితే ఏప్రిల్" అని పెళ్ళికొడుకు ఫ్లోరియన్ చర్చి మెట్ల మీద నిలబడి పందెం కాశాడు. మనవాళ్ళు ఓడారు. పెళ్ళిగౌను కుడుతున్న దర్జీ ఆవిడ ఒక్కతే సంతోషించింది.

అమెరికాలో ఏరీ సరస్సు ఒడ్డున, మూతపడిన ఉక్కు ఫ్యాక్టరీ వెనకున్న ఆ వీధిలో మనవాళ్ళంటే, బంతిని చేత పట్టుకుని పరిగెత్తే ఊరి ఫుట్‌బాల్ జట్టు. ఇంకో అర్థం లేదు. ప్రత్యర్థి జట్ల అసలు పేర్లు అక్కడ ఎవరూ నోట పలకరు, పలికితే కలిసిరాదని. గ్రూపులో మనతోపాటు ఉన్న మూడు జట్లకీ పెట్టుడు పేర్లే. రేవువాళ్ళు, ఏటివాళ్ళు, ఎండ ఊరివాళ్ళు.

అలా మొదలైన కాపురం అలాగే సాగింది. ఇద్దరికీ మాట కుదరనప్పుడల్లా ఆదివారం ఆట మీద వదిలేసేవారు. వంటింటికి ఏ రంగు వెయ్యాలన్నది అలాగే తేలింది. కూతురికి రెజీనా అన్న పేరు అలాగే వచ్చింది. ఫ్లోరియన్ సిగరెట్లు మానింది కూడా అలాగే. డాక్టరు చెప్పినా, ఫాదర్ చెప్పినా, కన్నతల్లి ఏడ్చినా మాననివాడు, పందెం ఓడిన మర్నాడు పొద్దున పెట్టె తీసి చెత్తబుట్టలో పారేశాడు. మళ్ళీ ముట్టలేదు. ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరిలో ఎవరూ ఆడిన మాట తప్పింది లేదు.

ఎక్కువసార్లు గెలిచేది టెక్లాయే. ఆమె ఉద్యోగకాలమంతా బడి క్యాంటీన్‌లో వంట చేసింది. మాటలు తక్కువ. నలుగురిలో ఉంటే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునే మనిషి. కాని డిసెంబరు వచ్చిందంటే మాత్రం "టెక్లా, ఇప్పుడు మనమెక్కడున్నాం?" అని వీధి వీధంతా ఆమెనే అడిగేది. ఆ లెక్కలు ఆమెకి తండ్రివల్ల అబ్బాయి. పోలండు నుంచి వచ్చిన ఆ ముసలాయనకి ఇంగ్లిష్ చదవడం రాదు. సోమవారం పొద్దున పేపర్లో పట్టిక చదివి వినిపించమనేవాడు. "ఇద్దరూ అన్నే గెలిచారంటున్నావు. మరి వాడు పైన, వీడు కింద ఎందుకున్నారే?" అని నిలదీసేవాడు. ఎందుకో కనుక్కుని చెప్పేదాకా కాఫీ ముట్టేవాడు కాదు. సరిసమానంగా నిలిచిన ఇద్దరిలో ఒకరిని కిందికి దించడానికి లోకం ఎన్ని ప్రశ్నలు తయారు చేసి పెట్టుకుందో ఆ పిల్లకి పదేళ్ళకే తెలిసిపోయింది.

ఫ్లోరియన్‌కి ఉన్న గొప్పల్లా ఒక పార. జనవరిలో మన మైదానంలో ఆట పడితే, ముందురోజు ఊరి జనం, స్నేహితుడు డొమినిక్ ట్రక్కులో ఫ్లోరియన్, పారలు తీసుకుని వెళ్ళి, కుర్చీల వరసల్లో మేట వేసిన మంచును తోడి కిందికి జారవిడుస్తారు. ఇచ్చే కూలి కోసం ఎవరూ వెళ్ళరు. పై అంతస్తులో ఒక వరస ఫ్లోరియన్‌ది. ఎవరెక్కడ నిలబడాలో, ఎవరు ఎంతసేపటికి చేతులు మార్చుకోవాలో అతనే చెబుతాడు. రైలు యార్డులో ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఎవరి మాటో విన్నవాడికి ఏడాదిలో ఆ ఒక్క పూట నలుగురు తన మాట వినడం ఎలా ఉంటుందో టెక్లాకి తెలుసు. అందుకే ఎప్పుడూ అడ్డు చెప్పలేదు.

కాని ఆ వేసవిలో అతను టమాటా మడిలో కూలబడ్డాడు. గుండెకి స్టెంట్లు వేశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పింది. "నడవండి, తోటపని చేసుకోండి, చర్చికెళ్ళండి. మంచులో పార మాత్రం పట్టుకోకండి. చలి ఒక పక్క, బరువు ఒక పక్క. మీ గుండె రెండూ కలిపి మొయ్యలేదు."

"మా ఇంటి ముందు మంచు పక్కింటివాడు తోస్తాడులెండి" అన్నాడు ఫ్లోరియన్.

మైదానం మాట అతను ఎత్తలేదని డాక్టరమ్మకి తెలియదు. టెక్లాకి తెలిసింది. ఆ వీధిలో ఏటా చలికాలం ఎవరో ఒకరు సొంత వాకిట్లో పార పట్టుకునే పడిపోతారు. చావు కబురు చెప్పేటప్పుడు "మంచు తోస్తూ" అంటే చాలు, ఇంకేమీ అడగరు.

ఆటల సీజన్ ఆఖరి వారం ముందు సోమవారం, రొట్టె మీద వెన్న రాస్తూ ఫ్లోరియన్ అన్నాడు.

"ఆట ఇక్కడ పడితే నేను వెళ్తున్నాను టెక్లా."

"డాక్టరమ్మ ఏమంది?"

"ఆవిడ సొంతూళ్ళో మంచు పడదు. ఆవిడకేం తెలుసు."

"నీ గుండె నీ ఊళ్ళోదే కదా. దానికి తెలియదా?"

ఫ్లోరియన్ నవ్వాడు.  కత్తి కింద పెట్టాడు.

"సరే. ఎప్పటిలాగే తేల్చుకుందాం. ప్లేఆఫ్స్‌లో మన మైదానంలో ఆట పడిందా, నేను వెళ్తాను. ఒకటి పడినా రెండు పడినా వెళ్తాను, నువ్వు ఒక్క మాట అనకూడదు. మనవాళ్ళు మొదటి ఆటకే పై ఊరు పోవలసి వచ్చిందా, ఆ పార డొమినిక్‌కి ఇచ్చేస్తాను. చచ్చేదాకా ముట్టను."

టెక్లా అలమర దగ్గరికి వెళ్ళింది. మూడు కప్పులు తీసి బల్ల మీద పెట్టుకుంది. ఒకటి మనవాళ్ళు, ఒకటి రేవువాళ్ళు, ఒకటి ఏటివాళ్ళు. ఎండ ఊరివాళ్ళు ఎలాగూ అట్టడుగునే ఉన్నారు, వాళ్ళకి కప్పు అక్కర్లేదు.

సీజన్ అయ్యాక ఓడితే ఇంటికే అన్న ప్లేఆఫ్స్ ఆటల్లో, గ్రూపులో మొదట నిలిచిన జట్టుకే సొంత మైదానంలో ఆట. రెండోవాళ్ళు ప్లేఆఫ్స్‌కి వెళ్ళినా పరాయి ఊళ్ళోనే ఆడాలి. రేవువాళ్ళు ఒక గెలుపు ముందున్నారు. మనవాళ్ళూ ఏటివాళ్ళూ సమానం. వచ్చే ఆదివారం రేవువాళ్ళకీ ఏటివాళ్ళకీ ఆట, మనకి ఎండ ఊరివాళ్ళతో ఆట. రేవువాళ్ళు గెలిస్తే గొడవే లేదు, మొదటి స్థానం వాళ్ళదే. ఏటివాళ్ళు గెలిచి, మనమూ గెలిస్తే? ముగ్గురూ సమానం.

ఆమె కప్పుల్ని గుండ్రంగా జరిపింది. మొదటి ప్రశ్న, ఎవరు ఎవరిని ఓడించారు? రేవువాళ్ళు మనని రెండుసార్లు ఓడించారు. మనం ఏటివాళ్ళని రెండుసార్లు ఓడించాం. ఏటివాళ్ళు రేవువాళ్ళని ఒకసారి ఓడించారు, ఆదివారం గెలిస్తే రెండోసారి. చక్రంలా తిరుగుతుందే తప్ప ఎవరూ పైకి రారు. రెండో ప్రశ్న, గ్రూపు మొత్తం మీద ఎవరెన్ని గెలిచారు? రేవువాళ్ళు ఒకసారి ఎండ ఊరివాళ్ళ చేతిలో ఓడి పరువు పోగొట్టుకున్నారు. కనక వాళ్ళు కిందికి. ఆమె ఒక కప్పు పక్కకి తీసేసింది. మిగిలింది ఇద్దరు, గ్రూపులో సమానం. మూడో ప్రశ్న, ఇద్దరూ ఆడిన పరాయి జట్ల మీద ఎవరు ఎక్కువ గెలిచారు? ఏటివాళ్ళు.

ఎటు చూసినా మనం రెండో స్థానమే. ఆట ఇక్కడ పడే దారి లేదు. సిగరెట్ పెట్టె చెత్తబుట్టలో పడ్డ చప్పుడు ఆమెకి మళ్ళీ వినిపించినట్టయింది.

"సరే" అంది.

"ఆలోచించే అన్నావా?"

"ఆలోచించే."

ఫ్లోరియన్ బల్ల మీదుగా చెయ్యి చాపాడు. ఇద్దరూ చేతులు కలిపారు. అతని వేళ్ళు చల్లగా ఉన్నాయి. అప్పుడది ఆమె పట్టించుకోలేదు.

బుధవారం చర్చి కింది హాల్లో ఆడవాళ్ళంతా పియెరోగీలు చేస్తున్నారు. పలచగా వత్తిన పిండిలో బంగాళదుంప ముద్ద పెట్టి అంచులు నొక్కడం టెక్లా పని. పక్కన మార్సెల్లా, డొమినిక్ భార్య, ఉల్లిపాయలు వేయిస్తోంది. గోడ మీద రేడియోలో ఎవడో పెద్దగొంతుతో మాట్లాడుతున్నాడు.

"విన్నావా టెక్లా? మనకి దారుందట" అంది మార్సెల్లా. "ఆదివారం మనం గెలిచి, ఏటి దరిద్రులు కూడా గెలిస్తే ఆట ఇక్కడేనట."

"కాదు" అంది టెక్లా. "అప్పుడు ఏటివాళ్ళు పైకొస్తారు."

"నువ్వే చెప్పాలి మరి. రేడియోవాడు మాత్రం పొద్దుటి నుంచీ ఇదే వాగుతున్నాడు. రేవువాళ్ళు తప్పుకున్నాక లెక్క మళ్ళీ మొదటికొస్తుందట కదా."

టెక్లా చేతిలోని పిండి అలాగే ఉండిపోయింది.

లెక్క మొదటికొస్తుంది. ముగ్గురిలో ఒకరు తప్పుకుంటే మిగిలిన ఇద్దరినీ మళ్ళీ మొదటి ప్రశ్న నుంచీ అడగాలి. ఎవరు ఎవరిని ఓడించారు? మనం ఏటివాళ్ళని ఓడించాం, రెండుసార్లూ ఓడించాం. ఆమె మూడో ప్రశ్నకి వెళ్ళింది. వెళ్ళకూడదు. ఈ సంగతి తండ్రికి తనే చెప్పింది, ఒక సోమవారం పొద్దున, ఆయన కాఫీ చల్లారిపోతుంటే. ముగ్గురు సమానంగా నిలవడం ఎన్నేళ్ళకో గాని జరగదు. వాడని తాళంచెవిలా ఆ నియమం ఆమె మనసులో ఎక్కడో పడిపోయింది.

"ఏమైందే? చెయ్యి కాలిందా?" అంది మార్సెల్లా.

"ఏం లేదు."

"నాకైతే ఒళ్ళు పులకరిస్తోంది. మా ఆయన అప్పుడే పారకి నూనె రాస్తున్నాడు. పెళ్ళాం నడుము నొప్పంటే మందు రాయడానికి మాత్రం చేతులు రావు మహానుభావుడికి."

అందరూ నవ్వారు. టెక్లా పియెరోగీ అంచు నొక్కింది. ఎంత నొక్కినా అది అతుక్కోలేదు.

ఆ సాయంత్రం ఆమె ఫ్లోరియన్‌కి నిజం చెప్పింది.

"నేను లెక్క తప్పాను. ఆ పందెం చెల్లదు."

"నా లెక్క తప్పినప్పుడు నువ్వెప్పుడైనా వదిలేశావా?" అన్నాడతను. కోపంగా కాదు, ఉన్నమాట అన్నట్టు. "వంటిల్లు చూడు. ఇప్పటికీ ఆ పచ్చరంగు చూస్తూనే అన్నం తింటున్నాను."

"ఇది రంగు కాదు ఫ్లోరియన్."

"పందెం పందెమే."

ఆదివారం మధ్యాహ్నం డుడెక్ సారా దుకాణంలో కాలు పెట్టే చోటు లేదు. రెండు టీవీలు, రెండు ఆటలు. చిన్న టీవీలో ఏటివాళ్ళు రేవువాళ్ళతో ఆడుతున్నారు. ఏడాదంతా ఏటివాళ్ళని తిట్టిపోసిన జనం ఆ పూట వాళ్ళకే జేజేలు కొడుతున్నారు. డుడెక్ అయితే ఏటివాళ్ళ రంగు తువ్వాలు ఒకటి ఎక్కడో సంపాదించి బార్ మీద పరిచాడు.

"రేపు దీన్ని తగలబెడతాను" అన్నాడు. "ఈ పూటకి మాత్రం ముద్దు పెట్టుకోండి, పుణ్యం వస్తుంది."

డొమినిక్ నిజంగానే ముద్దు పెట్టాడు. "ఉల్లిపాయ కంపు కొడుతోంది. వాళ్ళదే, అనుమానం లేదు" అన్నాడు.

పెద్ద టీవీలో మనవాళ్ళు ఎండ ఊరివాళ్ళని నమిలేస్తున్నారు. దాన్ని ఎవరూ చూడటం లేదు. టెక్లా గోడవార కుర్చీలో కూర్చుని చిన్న టీవీ చూస్తోంది. ఆ గదిలో రేవువాళ్ళు గెలవాలని కోరుకుంటున్న మనిషి ఆమె ఒక్కతే. పుట్టి బుద్ధెరిగాక రేవువాళ్ళ మంచి కోరడం అదే మొదలు. పెదవులు కదిలితే ఎవరైనా కనిపెడతారేమోనని పళ్ళు బిగబట్టింది. ఆమె మొహం చూసి ఎవరో భుజం తట్టారు. "భయపడకు టెక్లా, ఏటివాళ్ళు కొట్టేస్తారు."

కొట్టేశారు. చివరి క్షణాల్లో వాళ్ళ ఆటగాడు బంతిని దూరం నుంచి తన్నాడు. బంతి గాలికి పక్కకి ఒరిగింది, స్తంభం అంచుకి తగిలింది, లోపలికే పడింది. దుకాణం పైకప్పు ఎగిరిపోతుందేమో అనిపించింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా కావిలించుకుంటున్నారు. మనవాళ్ళు గ్రూపులో మొదటి స్థానం, తక్కిన గ్రూపుల్లో గెలిచినవాళ్ళతో పోల్చి చూస్తే ప్లేఆఫ్స్‌లో నాలుగో స్థానం. ఐదోవాళ్ళు వచ్చే ఆదివారం మన మైదానానికే వస్తారు.

ఆ గోలలో ఫ్లోరియన్ ఆమె వైపు చూశాడు. గెలిచినవాడి చూపులా లేదది. ఇంటికి నడిచి వెళ్ళేటప్పుడు సరస్సు మీద ఆకాశం సీసం రంగులో కిందికి దిగి ఉంది. గాలి పడమటి నుంచి వీచసాగింది. ఆ ఊళ్ళో పుట్టిన ఎవరికైనా ఆ గాలికి అర్థం తెలుసు.

మంచు గురువారం మొదలైంది. వాకిట్లో కారు గుర్తు పట్టలేనంతగా పడింది. శుక్రవారం టీవీలో మైదానంవాళ్ళు ఊరిని పిలిచారు, పార ఉన్నవాళ్ళంతా రండని. శనివారం పొద్దున డొమినిక్ ట్రక్కు వీధి చివర హారన్ మోగించింది. టెక్లా ఫ్లాస్కులో సూప్ పోసి ఇచ్చింది. మాట ఇచ్చిన ప్రకారం ఒక్క ముక్క మాట్లాడలేదు. మఫ్లర్ మాత్రం మామూలు కంటే ఒక చుట్టు ఎక్కువ చుట్టింది.

మధ్యాహ్నం దాటాక ఫ్లోరియన్ తిరిగొచ్చాడు. వంటింట్లోకి రాలేదు. గ్యారేజీ తలుపు చప్పుడై చాలాసేపైనా రాకపోతే ఆమే వెళ్ళింది. మెట్టు మీద కూర్చుని బూట్ల వైపు చూస్తున్నాడు. మొహం కడిగిన పళ్ళెంలా తెల్లగా ఉంది. ఎడంచెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు, ఎవరిదో చెయ్యి తెచ్చి పెట్టుకున్నట్టు.

"తాళ్ళు గడ్డకట్టాయి" అన్నాడు. "ఊడటం లేదు."

తాళ్ళు గడ్డకట్టలేదు. టెక్లా మోకాళ్ళ మీద కూర్చుని విప్పింది. అతను ఆమె తల మీద చెయ్యి వేసి అలాగే ఉంచాడు.

"వరస బాగా చేశారా?" అని మాత్రం అడిగింది.

"అందరికంటే ముందు."

లోపల రేడియోలో ఎవరో అరుస్తున్నారు. ఎక్కడో వెచ్చని ఊళ్ళో రెండో స్థానంవాళ్ళు ఏడో స్థానంవాళ్ళ చేతిలో ఓడిపోయారట. ఇద్దరూ ఒకేసారి తల తిప్పి విన్నారు. 

ఆదివారం మనవాళ్ళు గెలిచారు. ఫ్లోరియన్ మైదానానికి వెళ్ళలేదు, ఒంట్లో నలతగా ఉందని టికెట్టు మార్సెల్లా అన్నకి ఇచ్చేశాడు. ఆట అయ్యాక డొమినిక్ ఫోన్ చేసి పాట పాడాడు. వెంటనే మూడో స్థానంవాళ్ళకీ ఆరో స్థానంవాళ్ళకీ ఆట మొదలైంది. భార్యాభర్తలిద్దరూ సోఫా మీద కూర్చుని చూశారు.

ఈసారి కప్పులు అవసరం లేదు. మొదటి స్థానంవాళ్ళు ఈ వారం ఆడకుండానే విశ్రాంతి తీసుకుంటున్నారు. ఈ వారం గెలిచినవాళ్ళలో అందరికంటే కిందివాళ్ళు వచ్చే వారం వాళ్ళ దగ్గరికి పోవాలి. తక్కిన ఇద్దరిలో పై స్థానంవాళ్ళ ఊళ్ళో ఇంకో ఆట. మూడోవాళ్ళు గెలిస్తే మనం వాళ్ళ ఊరికి పోతాం. ఆరోవాళ్ళు గెలిస్తే, రెండో స్థానమూ మూడో స్థానమూ రెండూ ఖాళీ, అప్పుడు నాలుగో స్థానంలో ఉన్న మనమే పైవాళ్ళం. ఆట మళ్ళీ ఇక్కడే.

ఆట సగానికి వచ్చేసరికి టెక్లా ఒక సంగతి కనిపెట్టింది. మూడోవాళ్ళు బంతి పట్టుకుని పరిగెత్తినప్పుడల్లా ఫ్లోరియన్ కాలి బొటనవేలు కదులుతోంది. వాళ్ళు పడిపోయినప్పుడల్లా ఆగిపోతోంది. నలభై ఏళ్ళ కాపురంలో ఆ వేలు ఎవరి పక్షమో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. అతను కూడా భయపడుతున్నాడు. అతను కూడా పై ఊరే కోరుకుంటున్నాడు.

అది తెలిసి ఆమెకి ధైర్యం రాలేదు. అంతకుముందు భయం ఒక్క మనిషిది. ఇప్పుడు ఇద్దరిదీ అయి, సోఫా మీద మధ్యలో కూర్చున్నట్టుంది.

మూడోవాళ్ళు ఓడిపోయారు. వీధిలో ఎవరో టపాకాయలు కాల్చారు. ఫ్లోరియన్ టీవీ ఆపేసి, "మంచు ఉండకపోవచ్చులే" అన్నాడు.

ఉంది. మంగళవారం నుంచి ఆపకుండా కురిసింది. ఎదురింటి మెట్లు మాయమయ్యాయి. ఫ్లోరియన్ అన్నం సగంలో వదిలేస్తున్నాడు, కిటికీ దగ్గరికి వెళ్ళి వస్తున్నాడు. టెక్లా పళ్ళు తోముకుంటూ, గిన్నెలు కడుగుతూ, జపమాల తిప్పుతూ నోరు మూసుకునే ఉంది. ఆ వారంలో అద్దంలో చూసుకుంటే తన మొహమే ఎవరో కుట్టేసిన సంచిలా కనిపించింది.

శనివారం పొద్దున అతను వంటింట్లో కుర్చీ మీద కూర్చుని ఒక బూటు వేసుకున్నాడు. రెండోది చేత్తో పట్టుకుని ఆగాడు. వీధి చివర హారన్ మోగింది.

"వెళ్ళొద్దు" అంది టెక్లా.

అతను తలెత్తాడు.

"మాట్లాడకూడదన్నాం."

"మాట్లాడాను. తప్పాను. రేపు డుడెక్ దుకాణంలో నిలబడి అందరికీ చెప్పు, టెక్లా మాట నిలబెట్టుకోలేదని. చర్చిలో చెప్పు. కావాలంటే రెజీనాకి ఫోన్ చేసి చెప్పు. వెళ్ళొద్దు."

ఆమె అంతసేపు ఆగకుండా మాట్లాడటం అతనెప్పుడూ వినలేదు. బూటు ఒళ్ళో పెట్టుకున్నాడు. అతని భుజాలు మెల్లగా కిందికి దిగాయి.

"వరస ఎవరు చూస్తారు?" అన్నాడు. గొంతు పిల్లవాడి గొంతులా ఉంది. "ఇప్పుడు చెబితే డొమినిక్‌కి మనిషి ఎక్కడ దొరుకుతాడు? పై అంతస్తు టెక్లా. అక్కడ గాలి ఎలా ఉంటుందో నీకు తెలియదు. వాళ్ళు నా కోసం చూస్తారు."

హారన్ మళ్ళీ మోగింది.

టెక్లా అతని ఒళ్ళోంచి బూటు తీసి గోడవార పెట్టింది. కోటు వేసుకుంది, అతని మఫ్లర్ చుట్టుకుంది. గ్యారేజీలోకి వెళ్ళి పార తీసుకుంది. అది ఆమె అనుకున్నదానికంటే బరువుగా ఉంది. బయటికి వస్తూ కిటికీలోంచి చూసింది. అతను అదే కుర్చీలో, ఒక కాలికి బూటుతో కూర్చుని ఉన్నాడు. లేవలేదు. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

డొమినిక్ ట్రక్కు అద్దం దించి ఆమెని, పారని, మళ్ళీ ఆమెని చూశాడు.

"మీ ఆయనేడీ?"

"నేనొస్తున్నాను."

"నువ్వా? టెక్లా, అది పియెరోగీ పిండి కాదు తల్లీ."

"జరుగు" అంది.

డొమినిక్ పక్క తలుపు తెరిచాడు. దారిపొడుగునా రేడియో కూడా పెట్టలేదు.

మైదానం పై అంతస్తులో కుర్చీలు కనిపించడం లేదు. ఆకాశం నుంచి కింది గడ్డి దాకా ఒకటే తెల్లటి వాలు. తోడిన చోట తోడినట్టే మళ్ళీ నిండుతోంది. వరసలో ఉన్నవాళ్ళు ఫ్లోరియన్ ఏడని అడిగారు. "ఇంట్లో" అంది. ఒకాయన సరేనన్నట్టు తలూపి ఆమెకి చివరి చోటు చూపించాడు.

కాసేపు పార తప్ప ఇంకేదీ ఆమెకి తెలియలేదు. చేతులు మొద్దుబారాక నడుము నిలబెట్టి చుట్టూ చూసింది. ఇన్నేళ్ళూ ఆమె ఊహించుకున్న మైదానంలో కుర్రవాళ్ళు అరుస్తూ, పాటలు పాడుతూ మంచు తోస్తుంటారు. కింది వరసల్లో అలాంటివాళ్ళు ఉన్నారు. పైన ఉన్నవాళ్ళు వేరు. ఫ్యాక్టరీ టోపీలు, యార్డు కోట్లు, నెరిసిన కనుబొమలు. గ్యారేజీ మెట్టు మీద ఆ రోజు చూసిన మొహం రంగే ఒక్కొక్కరిలో కనిపించింది. వీళ్ళ ఇళ్ళల్లో ఎంతమంది ఆడవాళ్ళు నోరు కట్టుకుని కూర్చున్నారో, ఎవరు ఏ పందెం ఓడారో అనుకుంది.

పక్క వరసలో ఒక ముసలాయన పారని కుర్చీకి ఆనించి కూర్చున్నాడు. ఆమె రెండు పారల మంచు తోడింది. ఆయన లేవలేదు. ఇంకో రెండు తోడింది. ఆయన టోపీ మీద మంచు పేరుకుంటోంది, దులుపుకోవడం లేదు.

టెక్లా పార వదిలేసి కుర్చీల మీదుగా ఎక్కి ఆయన పక్కకి వెళ్ళింది.

"బాగానే ఉన్నారా?"

"ఆయాసం అంతే." ఆయన ఆమెని ఎగాదిగా చూశాడు. "నువ్వెవరు? మా ఆవిడ పంపిందా ఏమిటి?"

"అవును" అంది టెక్లా. "ఇంటికి రమ్మంది."

ఆయన నవ్వబోయాడు. సగం నవ్వు దగ్గర ఆగి, తన ఎడంచేతి వైపు ఆశ్చర్యంగా చూసుకున్నాడు. టెక్లా తన చేతి తొడుగు లాగి పారేసి ఆయన వేళ్ళు పట్టుకుంది. లేచి నిలబడి, పుట్టాక ఎన్నడూ అరవనంత గట్టిగా డొమినిక్‌ని కేకేసింది. గాలి ఆ కేకని సరస్సు వైపు లాక్కుపోయింది. ఆమె ఊపిరి కూడదీసుకుని మళ్ళీ అరిచింది.